జేబులో పట్టే చౌక కెమెరా పొలంలో ఎంతవరకు పనికొస్తుంది?



"ఫోన్‌లో ఇంత మంచి కెమెరా ఉండగా మళ్లీ వేరే కెమెరా ఎందుకండీ?" అని చాలామంది అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే. పెళ్లికి, జాతరకి, పిల్లల పుట్టినరోజుకి అయితే వేరే కెమెరా అక్కర్లేదు, ఫోన్ చాలు. పొలం దగ్గరికి వచ్చేసరికి మాత్రం లెక్క కొంచెం మారుతుంది. ఎందుకు మారుతుందో చెప్పాలంటే ముందు వంగతోటలోకి వెళ్లాలి.

వంగ ఆకు మీద ఎర్రగా, గుండ్రంగా, వీపు మీద నల్ల చుక్కలతో ఒక పెంకు పురుగు కనపడుతుంది. దాన్ని మనం అక్షింతల పురుగు అంటాం. చిక్కు ఎక్కడంటే, ఆ పేరుతో పిలిచేవి రెండు రకాలు. ఒకటి పేనుబంకను తిని మనకు మేలు చేసేది. రెండోది ఎపిలాక్నా, ఆకులోని పచ్చదనాన్ని గీకి తిని ఆకును జల్లెడ చేసేది. దూరం నుంచి చూస్తే రెండూ ఒక్కలాగే ఉంటాయి. దగ్గరగా చూస్తే మేలు చేసేదాని వీపు నూనె రాసినట్టు నిగనిగలాడుతుంది. ఎపిలాక్నా వీపు మీద సన్నటి నూగు ఉంటుంది, అందుకే మసకగా కనపడుతుంది. పిల్ల పురుగుల్లో తేడా ఇంకా ఎక్కువ. ఎపిలాక్నా పిల్ల పసుపు రంగులో, ఒళ్లంతా కొమ్మలేసిన ముళ్లతో ఉంటుంది. మేలు చేసేదాని పిల్ల నల్లగా, నారింజ మచ్చలతో, చిన్న మొసలిలాగా ఉంటుంది. విచిత్రం ఏంటంటే, మన వాళ్లు ఎక్కువగా నలిపేసేది ఈ రెండోదాన్నే. చూడ్డానికి భయంగా ఉంటుంది కదా!

ఇప్పుడు మీరు ఫోటో తీసి కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తకో, తెలిసిన రైతుకో పంపారు అనుకోండి. ఆ నూగు ఫోటోలో కనపడితే ఒక్క మాటలో చెప్పేస్తారు. కనపడకపోతే ఊహించి చెప్పాలి. ఆ ఊహ తప్పితే ఒక రోజు కూలి, కషాయం సరుకులు పోతాయి, పేనుబంకను తినే పురుగులు కూడా పోతాయి. అందుకని ఈ వ్యాసంలో చౌక కెమెరాను కొలిచే కొలబద్ద ఇదే: ఆ నూగును చూపిస్తుందా లేదా? మిగతావన్నీ ఆ తర్వాత.

ఏ కెమెరా గురించి మాట్లాడుతున్నాం?

చౌక కాంపాక్ట్ కెమెరాలు బోలెడు రకాలు. అన్నింటినీ కలిపి మాట్లాడితే ఎవరికీ ఉపయోగం ఉండదు. కాబట్టి ఒకదాన్ని పట్టుకుందాం: క్యానన్ ఇక్సస్ 185. 2017లో వచ్చింది. 20 మెగాపిక్సెల్, 8 రెట్ల ఆప్టికల్ జూమ్, బరువు దాదాపు 126 గ్రాములు. చొక్కా జేబులో వేసుకుంటే ఉన్నట్టే తెలియదు. లోపల ఉన్నది సీసీడీ సెన్సార్, అంటే పాతకాలం పద్ధతి. వైఫై లేదు, టచ్ స్క్రీన్ లేదు, జీపీఎస్ లేదు. దీని పక్కనే సోనీ డబ్ల్యూ 830, నికాన్ కూల్‌పిక్స్ ఏ 10 కూడా మన దగ్గర బాగానే కనపడేవి. అవసరమైన చోట వాటితో పోల్చి చెబుతాను.

ఈ మూడింటిలోనూ సెన్సార్ చిటికెన వేలి గోరంత కూడా ఉండదు. అడ్డంగా 6 మిల్లీమీటర్లు దాటి కొంచెం, నిలువుగా నాలుగున్నర. అంత చిన్న చోట కోటిన్నర పైనే చుక్కలు ఇరికించారు. ఇప్పుడొచ్చే మంచి ఫోన్లలో సెన్సార్ దీనికంటే పెద్దది కూడా ఉంటోంది. ఈ ఒక్క ముక్క మనసులో పెట్టుకుంటే, ఈ కెమెరా బలం ఎక్కడో బలహీనత ఎక్కడో చాలావరకు మీకే అర్థమైపోతుంది.

అసలు బలం: దగ్గరి ఫోటో

ఇక్సస్ 185ని మాక్రోలో పెడితే లెన్స్‌కి 1 సెంటీమీటరు దూరంలో ఉన్న వస్తువు కూడా స్పష్టంగా పడుతుంది. అంటే ఆకును దాదాపు లెన్స్‌కి తాకించినట్టే. ఇదే పని తక్కువ ధర ఫోన్లలో 'మాక్రో కెమెరా' అని వెనకాల ఇచ్చే అదనపు కన్నుతో చేసి చూడండి. చాలా ఫోన్లలో అది 2 మెగాపిక్సెల్‌దే, అదీ ఫోకస్ ఒకే దూరంలో బిగించేసినది. పెట్టె మీద నాలుగు కెమెరాలు అని రాసుకోవడానికి తప్ప దేనికీ కాదని నా అభిప్రాయం. ఖరీదైన ఫోన్లలో సంగతి వేరు, వాటిలో నిజంగానే మంచి మాక్రో ఉంటుంది. కానీ ఆ ధర పెట్టగలిగినవాళ్లు ఈ వ్యాసం చదవక్కర్లేదు.

మీ కెమెరా ఎంత దగ్గరగా తీయగలదో కొలుచుకోవడం తేలిక. బడిపిల్లల స్టీలు స్కేలు ఒకటి తీసుకోండి. ఫోకస్ పడేంత దగ్గరగా పెట్టి ఫోటో తీయండి. ఫోటోలో ఈ అంచు నుంచి ఆ అంచుకి ఎన్ని మిల్లీమీటర్లు పట్టాయో లెక్కపెట్టండి. ఈ కెమెరా పూర్తి సైజు ఫోటోలో అడ్డంగా 5,152 చుక్కలు ఉంటాయి. 30 మిల్లీమీటర్లు పట్టాయనుకుంటే ఒక్కో మిల్లీమీటరుకి 170 చుక్కలు వచ్చినట్టు. అక్షింతల పురుగు 5 మిల్లీమీటర్లు ఉందనుకుందాం, దానికి 850 చుక్కలు. నూగు తెలిసిపోతుంది. ఇదే లెక్క మీ ఫోన్‌తో కూడా చేయండి. ఫోనే గెలిస్తే కెమెరా కొనకండి, అంతే!

మొక్కజొన్నలో కత్తెర పురుగు 2018లో కర్ణాటకలో మొదట కనపడి, అదే ఏడాది మన రెండు రాష్ట్రాల్లోకీ వచ్చేసింది. దాన్ని గుర్తుపట్టే గుర్తులు రెండు: తల మీద తలకిందులైన ఇంగ్లిష్ 'వై' ఆకారం, తోక దగ్గర చదరంగా 4 నల్ల చుక్కలు. ఎదిగిన పురుగైతే ఈ రెండూ ఇక్సస్ లాంటి కెమెరాకి మంచినీళ్లు తాగినంత సులువు. వరిలో అగ్గి తెగులు మచ్చ నూలు కండె ఆకారంలో ఉందా లేదా, మధ్యలో బూడిద రంగు ఉందా అనేవి కూడా శుభ్రంగా వస్తాయి. చిన్న సెన్సార్ వల్ల ఒక మేలు కూడా ఉంది. పెద్ద కెమెరాతో దగ్గరి ఫోటో తీస్తే పురుగు కన్ను ఒక్కటే స్పష్టంగా ఉండి ఒళ్లంతా మసకబారుతుంది. ఇందులో తల నుంచి తోక దాకా చాలావరకు నిలుస్తుంది. ఫోటోల పోటీకి అది లోపమేమో గానీ, పురుగును గుర్తుపట్టడానికి మనకు కావలసింది అదే.

ఇక తామర పురుగుల దగ్గరికి వచ్చేసరికి కథ మారుతుంది. 2021-22లో మిరపలో నల్ల తామర పురుగులు ఎంత దెబ్బ కొట్టాయో గుంటూరు, ఖమ్మం, వరంగల్ రైతులకి చెప్పనక్కర్లేదు. వాటి పొడవు ఇంచుమించు 1 మిల్లీమీటరు. పైన లెక్క ప్రకారం 170 చుక్కలు వస్తాయి గానీ, లెన్స్ మెత్తదనం, కెమెరా లోపల చేసే నునుపు కలిసి అందులో సగం తినేస్తాయి. పువ్వులో నల్లగా ఏవో ఉన్నాయని తెలుస్తుంది, ఏ రకం తామర పురుగో తెలియదు. ఎర్రనల్లి అయితే ఇంకా చిన్నది, ఆకు అడుగున ఎర్ర దుమ్ములా కనపడుతుంది.

భూతద్దం కిటుకు

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. 1 సెంటీమీటరు దూరం అంటే లెన్స్ నీడ పురుగు మీదే పడుతుంది. పురుగు ఊరుకుంటుందా, ఎగిరిపోతుంది. ఈ రెండు ఇబ్బందులకీ కలిపి ఒక మందుంది, ఖర్చు కూడా తక్కువే.

పుస్తకాల షాపులో దొరికే మామూలు భూతద్దం తీసుకోండి. ఎండలో పట్టుకుని, నేల మీద సూర్యుడి చుక్క సన్నగా పడేదాకా పైకీ కిందకీ జరపండి. అప్పుడు అద్దానికీ నేలకీ మధ్య ఉన్న దూరమే దాని ఫోకల్ దూరం. దాదాపు 10 సెంటీమీటర్లు వచ్చేది ఎంచుకోండి. (ఎండు గడ్డి మీద చేయకండి బాబూ, అంటుకుంటుంది.) ఇప్పుడు కెమెరాను మాక్రోలోంచి తీసేసి మామూలు ఫోకస్‌లో పెట్టి, జూమ్ పూర్తిగా లాగి, లెన్స్‌కి ఆనించినట్టు భూతద్దం పట్టుకోండి. పురుగుకి 10 సెంటీమీటర్ల దూరంలోకి వచ్చి, కెమెరాను ముందుకూ వెనక్కూ నెమ్మదిగా జరుపుతూ స్పష్టంగా కనపడిన చోట ఆపండి.

ఏమవుతుందంటే, ఈ కెమెరా లెన్స్ పూర్తి జూమ్‌లో అసలు ఫోకల్ దూరం 40 మిల్లీమీటర్లు. దాని ముందు 100 మిల్లీమీటర్ల అద్దం పెడితే పురుగు బొమ్మ సెన్సార్ మీద 10కి 4 వంతుల సైజులో పడుతుంది. అంటే ఫోటోలో అడ్డంగా పట్టేది 15 మిల్లీమీటర్లు మాత్రమే. మిల్లీమీటరుకి 300 పైగా చుక్కలు! మాక్రోలో వచ్చినదానికి దాదాపు రెట్టింపు, అదీ పురుగుకి దూరంగా ఉండి, నీడ పడకుండా. తామర పురుగు ఇప్పుడు చుక్కలా కాకుండా పురుగులాగా కనపడుతుంది. అంచులు కొంచెం మసకగా, రంగులు చీలినట్టు వస్తాయి, చౌక గాజు కదా. మధ్యలో బాగుంటే చాలు. ఇది ఎలా పట్టుకోవాలో మాటల్లో కంటే చూస్తేనే తేలిక, అందుకే వీడియోలో నెమ్మదిగా చూపించాను.

దీనికి ఎండ బాగా ఉండాలి. ఎందుకో కింద చెబుతాను.

జూమ్, దాంతో వచ్చే తలనొప్పి

8 రెట్ల జూమ్ నిజమైన జూమ్, ఫోన్‌లో వేళ్లతో సాగదీసేది కాదు. కొబ్బరి చెట్టు మొవ్వులో కొమ్ము పురుగు చేసిన రంధ్రం, గట్టు మీద వాలిన పిట్ట, అవతలి మడిలో పసుపుబారిన చోటు కిందే నిలబడి తీసుకోవచ్చు. చెట్టెక్కే మనిషి దొరకని ఈ రోజుల్లో కొబ్బరి రైతుకి ఈ ఒక్కటి చాలు.

కానీ జూమ్ లాగేకొద్దీ లోపలికి వచ్చే వెలుతురు తగ్గిపోతుంది. జూమ్ లేనప్పుడు లెన్స్ ఎఫ్ 3.2, పూర్తిగా లాగితే ఎఫ్ 6.9. లెక్క వేస్తే వెలుతురు దాదాపు ఐదో వంతుకి పడిపోయినట్టు. పైగా ఇక్సస్ 185లో చెయ్యి వణుకును సర్దే ఆప్టికల్ స్టెబిలైజేషన్ లేదు. ఇది నా దృష్టిలో ఈ కెమెరాకి ఉన్న పెద్ద లోపం. సోనీ డబ్ల్యూ 830లో ఆ సదుపాయం ఉంది. దాని మీద మూడేళ్ల తర్వాత వచ్చిన కెమెరాలో లేకపోవడం ఏంటో! సాయంత్రం 5 దాటాక పూర్తి జూమ్‌లో చేత్తో పట్టుకుని తీస్తే పదిలో రెండు మూడు నిలిస్తే గొప్ప. కర్రకో, మోటారు షెడ్డు గోడకో ఆనించి, 2 సెకన్ల టైమర్ పెట్టి తీయండి. బటన్ నొక్కినప్పుడు వచ్చే కుదుపు కూడా ఉండదు.

వెలుతురు తక్కువైతే కెమెరా ఐఎస్ఓ పెంచుకుంటుంది. 100, 200 దాకా బాగుంటుంది. 400 దాటితే ఫోటో ఇసక చల్లినట్టు అవుతుంది. ఆ ఇసకను పోగొట్టడానికి కెమెరా తనంతట తాను నునుపు చేస్తుంది. ఆ నునుపులో మొదట మాయమయ్యేవి ఏంటో తెలుసా? ఆకు మీది నల్లి, పురుగు వీపు మీది నూగు. అంటే మనం ఏ పనికోసం కొన్నామో అదే పోతుంది. ఇలాంటి వెలుతురులో ఇప్పటి ఫోన్లు నాలుగైదు ఫోటోలు కలిపి ఒకటి చేస్తాయి, ఇది ఒకటే తీస్తుంది. సంధ్యవేళ ఫోటోకి ఫోన్ తీయండి, మొహమాటం లేదు.

ఫ్లాష్ ఉంది కదా అంటారేమో. దగ్గరి ఫోటోకి ఫ్లాష్ ఆపేయండి. సగం ఫోటోలో లెన్స్ నీడ, మిగతా సగం తెల్లగా మండిపోవడం తప్ప ఏమీ రాదు. దానికి బదులు అన్నం తినే స్టీలు కంచం పక్కన పట్టుకుని ఎండను పురుగు మీదకి మళ్లించండి. మిట్టమధ్యాహ్నం అయితే దీనికి తిరకాసుగా, తెల్ల పంచె అడ్డం పట్టి ఎండను మెత్తబరచాలి. అన్నింటికంటే పొద్దున్నే తీయడం మేలు. మంచు ఆరని వేళ పురుగులు చురుగ్గా కదలవు, గాలి కూడా ఉండదు. ఆకు ఊగుతుంటే బట్టలకి పెట్టే క్లిప్పును ఒక పుల్లకి కట్టి, ఆ పుల్లను నేలలో గుచ్చి, ఆకును పట్టించండి.

ఫోన్ అలవాటున్నవాళ్లకి ఇంకో మాట. ఈ కెమెరాల్లో బటన్ రెండంచెలు. ముందు సగం నొక్కి పట్టుకోవాలి. తెర మీద పచ్చ చట్రం వచ్చి చిన్న శబ్దం అయ్యాక పూర్తిగా నొక్కాలి. ఒక్కసారే గుద్దేస్తే ఫోకస్ పడదు, తర్వాత కెమెరా బాగాలేదు అంటాం.

రంగు సంగతి

ఆకు పసుపుబారింది అంటే నత్రజని లోపమా, ఇనుము లోపమా, నీరు నిలిచిందా? ఇది రంగుని బట్టి, ముదురాకులో మొదలైందా లేతాకులో మొదలైందా అన్నదాన్ని బట్టి చెప్పాల్సిన సంగతి. నీడలో తీసిన ఫోటోలు నీలంగా, సాయంత్రం తీసినవి పచ్చబారి వస్తాయి. అందుకని ఆకు పక్కన ఒక తెల్ల కాగితం ముక్క కూడా ఫోటోలో పడేలా చూడండి. చూసేవాళ్లకి అసలు తెలుపు ఏదో తెలుస్తుంది, దాన్ని బట్టి ఆకు రంగు అంచనా వేసుకుంటారు. ఆ కాగితం మీదే మిల్లీమీటర్ల గీతలు ఉంటే సైజు కూడా తెలుస్తుంది. ఫోన్లు చేసే ఒక తప్పు ఈ పాత సీసీడీ కెమెరాలు అంతగా చేయవు: పచ్చదనాన్ని కళ్లు చెదిరేలా పెంచడం. కొన్ని ఫోన్లలో తీస్తే జబ్బు చేసిన పొలం కూడా కళకళలాడుతుంది!

తీసిన ఫోటో పంపేటప్పుడు కూడా జాగ్రత్త. వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది ఫోటోను పిండి చిన్నది చేసేస్తుంది. 20 మెగాపిక్సెల్ కెమెరా కొని ఏం లాభం? డాక్యుమెంట్‌గా పంపండి. లేదంటే పురుగు ఉన్న భాగం వరకు కత్తిరించి పంపండి. ఈ కెమెరాలో వైఫై లేదు కాబట్టి కార్డు తీసి, ఓటీజీ రీడర్‌తో ఫోన్‌కి ఎక్కించుకోవాలి. రెండు నిమిషాల పని, కానీ పొలంలో మట్టి చేతులతో ఆ చిన్న కార్డు తీయడం ఇబ్బందే. ఇంటికొచ్చి చేసుకోండి.

వీడియోకి?

వీడియోలు చేద్దామనుకునే రైతులు ఎక్కువ అడిగేది ఇదే. సూటిగా చెప్పాలంటే, వీడియో కోసం మాత్రమే అయితే దీన్ని కొనకండి. ఇది తీసేది 720 రకం, సెకనుకి 25 ఫ్రేములు. ఒక్కో ఫ్రేములో 9 లక్షల పైచిలుకు చుక్కలే. తక్కువ ధర ఫోన్ కూడా ఇప్పుడు 1080 తీస్తోంది, అంటే 20 లక్షల పైనే. చూసేవాళ్లు ఎక్కువమంది చిన్న తెర మీదే చూస్తారు కాబట్టి 720 మరీ పనికిరానిది కాదు. అసలు లోటు శబ్దం దగ్గర. బయటి మైకు పెట్టుకునే రంధ్రం లేదు. చేలో గాలి వీస్తే మాట వినపడదు, బుసబుసలే. బొమ్మ కొంచెం మసకగా ఉన్నా జనం చూస్తారు గానీ, మాట వినపడకపోతే అర నిమిషంలో వెళ్లిపోతారు. తప్పనిసరైతే ఫోన్‌లో వాయిస్ రికార్డర్ పెట్టి చొక్కా జేబులో వేసుకుని, మొదట్లో ఒక చప్పట్టు కొట్టండి. తర్వాత ఆ చప్పుడు దగ్గర బొమ్మనీ మాటనీ కలుపుకోవచ్చు.

సీసీడీ సెన్సార్లకి ఇంకో జబ్బుంది. వీడియోలో సూర్యుడు గానీ, నీటి మీద ఎండ మెరుపు గానీ పడితే తెర మీద పై నుంచి కిందకి తెల్లటి నిలువు చార వస్తుంది. కెమెరా పాడైందని కంగారుపడకండి, అది దాని స్వభావం. సూర్యుణ్ణి వీపు వెనక ఉంచుకుంటే సరిపోతుంది.

ఒక పనికి మాత్రం ఇది ఫోన్ కంటే మేలు. అడుగున స్టాండు బిగించే మర ఉంది. పావు అంగుళం బోల్టు పడుతుంది. ఒక ఇనుప కడ్డీకి ఆ బోల్టు వెల్డింగ్ చేయించి గట్టున పాతేయండి. లోపలికి పోయే మర చాలా కొద్దిగా ఉండాలి, పొడుగైతే కెమెరా అడుగు పగులుతుంది. వారానికోసారి అదే కడ్డీ మీద కెమెరా పెట్టి, జూమ్ లేకుండా, అదే వేళకి ఒక్క ఫోటో. నాట్ల నుంచి కోత దాకా ఇరవై ఫోటోలు అవుతాయి. పక్కపక్కన రెండు మడుల్లో రెండు పద్ధతులు పెట్టినవాళ్లకి ఇంతకంటే మంచి రికార్డు లేదు. మనసులో ఉన్న జ్ఞాపకం పంట దిగుబడిని బట్టి మారిపోతుంది, ఫోటో మారదు. కెమెరాలో తేదీ సరిగ్గా పెట్టుకోవడం మర్చిపోవద్దు.

ఒక సంగతి గుర్తుంచుకోండి. పంట నష్టం చూపించే ఫోటోలు దీంతో కాదు. ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో వడగళ్ల వాన, ముంపు లాంటి నష్టాన్ని 72 గంటల్లోగా తెలియజేయాలి. అలాంటి వాటికి యాప్‌లో, ఫలానా చోటే తీశారని తెలిపే గుర్తుతో ఉన్న ఫోటో కావాలి. జీపీఎస్ లేని కెమెరా అక్కడ చేతులెత్తేస్తుంది. ఫోనే వాడండి.

బ్యాటరీ, దుమ్ము, తేమ

ఒకసారి ఛార్జ్ చేస్తే సుమారు 210 ఫోటోలు అని కంపెనీ లెక్క. పొలంలో తెర వెలిగించి వెతుక్కుంటూ ఉంటాం కాబట్టి అంతకంటే తక్కువే వస్తాయి అనుకోండి. దీన్ని యూఎస్‌బీ తీగతో ఛార్జ్ చేయలేం. బ్యాటరీ బయటికి తీసి గోడ ఛార్జర్‌లో పెట్టాల్సిందే, పవర్ బ్యాంక్ పనికిరాదు. సోనీ డబ్ల్యూ 830 అయితే తీగతోనే ఎక్కుతుంది. నికాన్ ఏ 10 ఇంకో దారి, దానికి రెండు మామూలు పెన్సిల్ సెల్స్ చాలు. ఊళ్లో కిరాణా కొట్టులో దొరుకుతాయి కదా అని సంబరపడకండి, గోడ గడియారానికి వేసే చౌక సెల్స్ దీని ఆకలికి ఆగవు. ఆల్కలైన్‌వో, రీఛార్జ్ చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్‌వో వేయాలి. అయితే ఏ 10 మాక్రో 10 సెంటీమీటర్ల దగ్గరే ఆగిపోతుంది, జూమ్ 5 రెట్లే. కరెంటు ఇబ్బంది ఎక్కువున్న చోటికి అది, పురుగుల కోసం అయితే ఇక్సస్. నన్నడిగితే ఇక్సస్‌కే ఇంకో బ్యాటరీ కొని పెట్టుకోమంటాను.

ఈ కెమెరాలన్నింటికీ యముడు దుమ్ము. ఆన్ చేయగానే లెన్స్ గొట్టం బయటికి వస్తుంది, ఆపగానే లోపలికి పోతుంది. ఆ సందులో ఒక్క ఇసక రేణువు ఇరుక్కుంటే గొట్టం మధ్యలో ఆగిపోయి, లెన్స్ లోపం అని తెర మీద రాసి కెమెరా మూగబోతుంది. రిపేరుకి ఇస్తే కెమెరా ధరంత అడుగుతారు. వరి నూర్పిడి దగ్గర, తూర్పార పట్టే చోట, మందు కొట్టే చోట దీన్ని బయటికి తీయొద్దు. ఫోన్‌కి ఈ భయం లేదు, కదిలే గొట్టమే ఉండదు. వానాకాలంలో తేమకి లెన్స్ లోపల బూజు పడుతుంది. మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో, చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా పొట్లాలు నాలుగు వేసి అందులో దాచండి.

తెర గురించి ఒక్క మాట: ఎండలో ఏమీ కనపడదు. కన్ను పెట్టి చూసే కిటికీ కూడా లేదు. తలకి చుట్టుకున్న తువ్వాలు విప్పి, తలనీ కెమెరానీ కలిపి కప్పుకుని చూడండి. పాతకాలం ఫోటో స్టూడియో వాళ్లు చేసిందీ అదే.

కొనే ముందు

కంపెనీలు ఈ తరహా కెమెరాలు చేయడం చాలావరకు మానేశాయి. ఫోన్లు వాటి అంగడిని తినేశాయి. ఇప్పుడు దొరికేవి ఎక్కువగా వాడినవే. పట్నాల్లో కుర్రాళ్లకి పాత కెమెరా ఫోటోల మీద కొత్తగా మోజు పుట్టి, పాతవాటి ధరలు కూడా పెరిగాయి. కొత్త మంచి ఫోన్ ధరకు దగ్గరగా చెబితే వదిలేయండి, మన పనికి అంత పెట్టక్కర్లేదు.

వాడిన కెమెరాల కంటే ప్రమాదం ఇంకోటి ఉంది. ఆన్‌లైన్‌లో ఊరూ పేరూ లేని కొత్త కెమెరాలు 48 మెగాపిక్సెల్, 4కే, 16 రెట్ల జూమ్ అని చవకగా అమ్ముతుంటారు. వాటిలో చాలావాటికి ఫోకస్ ఒకే దూరంలో బిగించి ఉంటుంది, జూమ్ అంతా సాగదీత, మెగాపిక్సెల్ చిన్న బొమ్మను ఉబ్బించి చూపే అంకె. వివరాల్లో 'ఆప్టికల్ జూమ్' అన్న మాట లేకపోతే, మాక్రో దూరం ఎంతో రాయకపోతే ఆ కెమెరా మనది కాదు.

వాడినది కొనేటప్పుడు అమ్మేవాడి ముందే ఇవి చూడండి. పదిసార్లు ఆన్ చేసి ఆపండి, గొట్టం గరగరమనకూడదు, మధ్యలో తడబడకూడదు. జూమ్ పూర్తిగా లాగి తెల్ల గోడనో ఆకాశాన్నో ఫోటో తీయండి. నల్లటి మసక మచ్చలు ఉంటే లోపల దుమ్ము చేరినట్టే. లెన్స్ తెరిచి ఉండగా పక్క నుంచి ఫోన్ టార్చి వేసి లోపలికి చూడండి, సాలెగూడు లాంటి దారాలు కనపడితే అది బూజు. బ్యాటరీ బల్ల మీద పెట్టి తిప్పండి, బొంగరంలా తిరిగితే అది ఉబ్బింది, కొత్తది కొనుక్కోవాలి. బ్యాటరీ మూత గట్టిగా పడుతోందా చూడండి. ఛార్జర్ ఇస్తున్నాడో లేదో ముందే అడగండి, లేకుండా ఇస్తే ఆ ఖర్చు కూడా ధరలోంచి తగ్గించమనండి. చివరగా, పోయేటప్పుడు జేబులో ఆ స్టీలు స్కేలు, ఒక వంగ ఆకు వేసుకెళ్లండి. ఆ రెండింటినీ అక్కడే మాక్రోలో తీసి, ఫోటోను తెర మీద పెద్దది చేసి, ఆకు మీది నూగు విడివిడిగా కనపడితేనే డబ్బులు తీయండి.